ట్రక్కులో కూర్చున్నవాళ్ళు, చేలో దిగినవాళ్ళు

నాకు గడ్డం వస్తుంది. ఆడమనిషిని, నలభై దాటినదాన్ని, డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పుకుని బతికేదాన్ని. అయినా చుబుకం కింద, దవడల పక్కన, పదో తరగతి మగపిల్లలకి మొలిచినంత నాకూ మొలుస్తుంది. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే మీకు నా మొహం వంక దొంగచూపులు చూడాల్సిన పని తప్పుతుంది. నా జీవితంలో సగం చిరాకు ఆ దొంగచూపుల వల్ల వచ్చిందే. సానుభూతి కోసం ఇది రాయడం లేదు. నా ఒంట్లో ఏదో తేడా ఉందని నేనంటే, తేడా ఒంట్లో కాదు నీ నడతలో ఉందని అన్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళతో నేను పడ్డ పేచీ ఇది.

మా ఊరు చిలకలూరిపేటకి లోపలగా, నల్లరేగడి మధ్యన ఉంటుంది. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. మాకు పొలం లేదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మా అమ్మమ్మా కూలికి పోయేవాళ్ళు. చలికాలంలో మిరపకోతలు, ఎండలు మొదలయ్యాక కల్లాల దగ్గర ఎండుకాయలకి తొడిమలు తీసే పని. అమ్మ తమ్ముడు, మా మావయ్య, పక్క ఊళ్ళో మిషన్ బడిలో టీచరు. నాన్న లేని ఇంటికి ఆయనే పెద్దదిక్కు. నన్ను చదివించాలని పట్టుబట్టిందీ ఆయనే. ఈ సంగతి ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే తర్వాత ఆయన మీద నేను చాలా కోప్పడతాను.

ఇంటర్ రెండో సంవత్సరంలో నా గడ్డం మీద నల్లగా, బిరుసుగా వెంట్రుకలు రావడం మొదలైంది. అమ్మమ్మ దానికి పసుపు మందంది. మా సంఘంలో బొట్టు పెట్టుకోరు గానీ, ముఖానికి పసుపు రాసుకుంటే పాపమని పాస్టరుగారు ఎప్పుడూ అనలేదు. సున్నిపిండిలో పసుపు కలిపి, వెంట్రుక మొలిచిన దిక్కుకి ఎదురుగా రుద్దితే కుదుళ్ళతో సహా లేచొస్తుందని అమ్మమ్మ నమ్మకం. వారం వారం ఆ రుద్దుడు జరిగేది. వెంట్రుకలు లేచిరాలేదు గానీ చర్మం మాత్రం లేచొచ్చేది.

తొడిమలు తీసిన చేతులకి మా ఆడవాళ్ళు ఒక పద్ధతి పాటిస్తారు. ముందు కొబ్బరినూనె రాసుకుని బాగా మర్దనా చేస్తారు, దాన్ని పిండితో తుడిచేస్తారు, ఆ తర్వాతే నీళ్ళూ సబ్బూ. వట్టి నీళ్ళతో కడిగితే కారం పోదు. పోయినట్టు కనపడుతుంది, అంతే. ఒకరోజు ఇంట్లో నూనె అయిపోయింది. అమ్మమ్మ కల్లం నుంచి వస్తూనే తొట్టిలో చేతులు కడుక్కుని, నన్ను ముందు కూర్చోబెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది.

ముందు వెచ్చగా అనిపించింది. ఆ తర్వాత నా గడ్డానికి ఎవరో నిప్పు పెట్టారు. నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు వచ్చారు. అమ్మమ్మ కంగారుపడి చెంబులతో నీళ్ళు పోసింది. పోసేకొద్దీ మంట తగ్గకపోగా మెడ మీదికి, గుండెల మీదికి జారింది. అమ్మ పరుగెత్తుకొచ్చి, ఉట్టి మీది మీగడ పెరుగు తీసి నా మొహమంతా పట్టించింది. కాసేపటికి మంట దిగింది. అమ్మమ్మ మాత్రం తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "శుభ్రంగా కడుక్కునే వచ్చానే" అని పదే పదే అంటూనే ఉంది. నీళ్ళకి లొంగని వస్తువులు కొన్ని ఉంటాయని, వాటిని పట్టుకుపోవడానికి ఇంకొకటేదో రావాలని నా చర్మానికి ఆరోజే తెలిసింది. నాకు తెలియడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

ఊళ్ళో నా గడ్డం గురించి రెండు వాదాలు నడిచాయి. ఒకటి, వేడి చేసింది. మిరప చేలల్లో తిరిగే ఇంట్లో పుట్టిన పిల్లకి వేడి చెయ్యక ఏం చేస్తుందని. నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చినా అదే వేడి. రెండోది అసలుది, నా వెనక నడిచింది. నేను నాన్న సైకిలు తొక్కేదాన్ని. గట్టిగా మాట్లాడేదాన్ని. బోరింగు దగ్గర నా వంతు దాటి బిందె పెట్టిన వాళ్ళని ఊరుకునేదాన్ని కాదు. అంచేత మగరాయుడిలా తిరిగే పిల్లకి మీసాలు రాక ముత్యాలు వస్తాయా అని. అంటే నా గడ్డం నేను చేసుకున్నదే. కాస్త ఒద్దికగా ఉంటే, నేల చూపులు చూస్తే, దానంతటది రాలిపోతుందన్నమాట.

ఈ రెండో వాదం మావయ్య చెవినా పడింది. ఆయన చదువుకున్నవాడు కాబట్టి నన్ను గుంటూరు కొత్తపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరుగారు నా గడ్డం కేసి దూరం నుంచే చూసి నెత్తురు పరీక్ష రాశారు. మగ హార్మోను ఎంత ఉందో చూస్తారట. సాయంత్రానికి కాగితం వచ్చింది. "టోటల్" అని ఉండి, పక్కన ఒక అంకె, దాని పక్కన ఉండాల్సిన హద్దులు. నా అంకె ఆ హద్దుల్లోనే ఉంది. పై హద్దుకి దగ్గరగా ఉన్నా, లోపలే ఉంది. డాక్టరుగారు నార్మలేనమ్మా అన్నారు. ఇదంతా మనసుకి పట్టించుకోవద్దని, బ్యూటీ పార్లర్లు ఉన్నాయి కదా అని కూడా అన్నారు.

నార్మల్ అనే మాట అంత కీడు చేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. జబ్బని తేలి ఉంటే ఇంట్లో నాకు ఒక కంచం పెరుగన్నం ఎక్కువ దొరికేది. జబ్బు లేదని తేలింది కాబట్టి నేరం నా మీదికొచ్చింది. తిరుగు బస్సులో మావయ్య ఎంతో నెమ్మదిగా, బడిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. ఒంట్లో ఏమీ లేదని తేలింది కదా, ఇక మన ప్రవర్తన మనం చూసుకోవాలని. సైకిలు ఆ వారమే అమ్మేశారు. ఆ రోజు నుంచే అమ్మకి ఒక అలవాటు పట్టుకుంది. ఎక్కడికి బయల్దేరినా, చర్చికైనా, బజారుకైనా, బస్సు ఎక్కే ముందు నా చున్నీ కొసని గడ్డం మీదికి లాగి, మెడ చుట్టూ తిప్పి వదిలేది. అమ్మ అనాల్సినవన్నీ ఆ లాగుడులోనే ఉండేవి. రోహిణి కార్తె ఎండలో కూడా చలిజ్వరం పట్టినదానిలా మూతికి గుడ్డ కట్టుకుని తిరిగాను నేను.

డిగ్రీ అలా గడిచింది. ఎమ్మెస్సీకి సీటొచ్చి గుంటూరు వెళ్ళాను. టౌన్లోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ, రోజూ బస్సులో యూనివర్సిటీకి పోయి వచ్చేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తరోజులు. హార్మోన్ల పాఠం చెప్పిన సారు గొంతు మధ్యాహ్నం రేడియోలో పంటల వార్తలు చదివే గొంతులా ఉండేది. సగం క్లాసు నిద్రపోయేది. నేను పోలేదు, ఎందుకంటే ఒకరోజు ఆయన బోర్డు మీద స్టెరాయిడ్ హార్మోను బొమ్మ వేసి ఒక మామూలు ప్రశ్న అడిగారు. ఇది కొలెస్టరాల్ నుంచి పుట్టింది, కొవ్వు జాతిది. నెత్తురేమో చాలావరకు నీళ్ళు. కొవ్వు నీళ్ళలో కలవదు. మరి ఇది పుట్టిన చోటు నుంచి పని చెయ్యాల్సిన చోటికి ఎలా వెళ్తుందీ అని.

నా గడ్డం ఒక్కసారి మండింది. నిజంగానే మండినట్టనిపించింది. అమ్మమ్మ పోసిన చెంబుల నీళ్ళూ, అమ్మ పట్టించిన పెరుగూ గుర్తొచ్చాయి. మిరపకాయ కారం కూడా నూనె జాతిదే. నీళ్ళు దాన్ని కదిలిస్తాయి గానీ పట్టుకోలేవు. పెరుగులోని వెన్న, పాల ప్రొటీను పట్టుకుపోతాయి.

నెత్తుట్లోనూ అలాంటి మోసేవాళ్ళున్నారని సారు చెప్పారు. ఆల్బుమిన్ అనే ప్రొటీను కనపడిన కొవ్వు సరుకునల్లా, హార్మోనైనా కొవ్వు ఆమ్లమైనా, వదులుగా పట్టుకుని తిప్పుతుంది. కొలెస్టరాల్‌కి పెద్ద పెద్ద మూటల్లాంటి లైపోప్రొటీన్లున్నాయి. కార్టిసాల్‌కి తనదంటూ ఒక గ్లోబ్యులిన్ ఉంది. మగ హార్మోనుకీ ఆడ హార్మోనుకీ కలిపి ఇంకో గ్లోబ్యులిన్ ఉంది, అది కాలేయంలో తయారవుతుంది, దాని పట్టు గట్టిది. ఇక అసలు సంగతి. మోసేవాడి చేతిలో ఉన్నంతసేపూ హార్మోను దాదాపు ఏ పనీ చెయ్యదు. చెయ్యి వదిలించుకుని విడిగా ఉన్నది, నూటికి ఒకటో రెండో, అదే కణంలోకి దూరి పని మొదలుపెడుతుంది. ఒకటి దూరితే ఇంకొకటి చెయ్యి వదులుతుంది. ఎక్కడం, దిగడం ఆగకుండా జరుగుతూనే ఉంటుంది.

మిరపకోతల రోజుల్లో మా ఊరికి వినుకొండ వైపు నుంచి ట్రాక్టరు ట్రక్కుల్లో కూలీలు వచ్చేవాళ్ళు. ఊరి మొదట్లో నిలబడి తలలు లెక్కపెడితే రెండు చేలకీ సమానంగానే జనం వచ్చారనుకుందాం. ఒక చేను దగ్గర పెద్ద ట్రక్కు ఉంది. జనం అందులో నీడన కూర్చుని, పిలిస్తే ఒకరిద్దరు దిగుతున్నారు. ఇంకో చేనుకి వచ్చింది బుల్లి ట్రక్కు. కూర్చోవడానికి చోటు లేక ఎక్కువమంది చేలోనే ఉన్నారు. సాయంత్రానికి ఏ చేను కాయ ఎక్కువ తెగుతుంది? ఊరి మొదట్లో లెక్కపెట్టినవాడు మాత్రం రెండు చేలూ ఒకటేనని, అంతా నార్మలేనని చెప్పి ఇంటికి పోతాడు. కొత్తపేట డాక్టరుగారు నాకు చేసింది సరిగ్గా అదే.

చెయ్యెత్తాను. టోటల్ అని రాసే పరీక్షలో ప్రొటీను పట్టుకున్నదీ, విడిగా ఉన్నదీ కలిపే వస్తాయా అని అడిగాను. అవునన్నారు సారు. మోసే ప్రొటీనే తక్కువున్న మనిషికి టోటల్ మామూలుగా ఉండి కూడా విడి హార్మోను ఎక్కువ ఉండొచ్చా అన్నాను. ఉండొచ్చన్నారు. ఎందుకడుగుతున్నావమ్మా అన్నారు. నేను లేచి నిలబడి, "నా గురించేనండి" అన్నాను. నిద్రపోతున్న సగం క్లాసు కూడా లేచి నా వైపు తిరిగింది. తిరగనీ అనుకున్నాను. సారు మాత్రం ఇబ్బందిపడి బోర్డు వైపు తిరిగిపోలేదు. క్లాసు అయ్యాక పిలిచి, ఆ ప్రొటీను కొలిచే పరీక్ష గుంటూర్లో లేదని, నెత్తురు తీసి మద్రాసు పంపుతారని, అయితే డాక్టరు రాయాలని చెప్పారు.

రాసే డాక్టరు కోసం తిరగడం ఒక పెద్ద పని అయింది. ఒకాయన కాలేజీ నోట్సు పట్టుకుని వైద్యం చెయ్యకమ్మా అన్నాడు. ఇంకొకాయన పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయన్నాడు. చివరికి ఒక లేడీ డాక్టరుగారు నా పాత రిపోర్టు చూసి, మామూలుగానే ఉందిగా, ఇంకేం కావాలని అడిగారు. నాకు అప్పటికే ఓపిక చచ్చిపోయింది. ఆ రిపోర్టు ట్రక్కులో కూర్చున్నవాళ్ళని కూడా లెక్కపెట్టిందండి, నాకు చేలో దిగినవాళ్ళ లెక్క కావాలి అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, ఏంటి మళ్ళీ చెప్పు అన్నారు. మళ్ళీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చీటీ రాశారు.

మద్రాసు నుంచి ఫలితం వచ్చింది. టోటల్ అదే పాత చోట, హద్దుల్లోనే. మోసే గ్లోబ్యులిన్ మాత్రం ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువ. డాక్టరమ్మ స్కానింగు కూడా చేయించి, అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగలు చూపించారు. ఒంట్లో ఇన్సులిన్ పెరిగినప్పుడు కాలేయం ఈ గ్లోబ్యులిన్‌ని తక్కువ చేస్తుందని, బరువు తగ్గమని, నడవమని, కొన్ని మాత్రలు వాడమని చెప్పారు. ఆ మాత్రలతో కాలేయం గ్లోబ్యులిన్ ఎక్కువ చేస్తుంది, అండాశయం మగ హార్మోనుని తగ్గిస్తుంది. చీటీ నా చేతికిస్తూ ఆవిడ, ఇవి ఏం మాత్రలో తెలుసుగా, ఎవరన్నా ఏమన్నా అంటే నా దగ్గరికి పంపు అన్నారు.

తెలుసు. గోడల మీద బొమ్మలేసి, రేడియోలో పాటలు పాడి, చిన్న కుటుంబం కోసం దేశమంతా అమ్మే మాత్రలే అవి.

ఆటోలో కూర్చుని ఏడ్చాను. ఏడుపులో సంతోషమే ఎక్కువ. నా తప్పు ఎక్కడా లేదు. సైకిలు తొక్కినందుకు కాదు, బోరింగు దగ్గర పోట్లాడినందుకు కాదు. నా ట్రక్కు చిన్నది, అంతే. అమ్మకి హార్మోను మాత్రలని మాత్రమే చెప్పాను. కొన్ని నెలలకి నెలసరి దారికొచ్చింది. గడ్డం మీద కొత్తగా వచ్చేవి పలచబడ్డాయి. పాతవి అలాగే ఉన్నాయి, వాటికంత తొందర లేదు.

మా హాస్టలు వార్డెనమ్మకి అప్పుడప్పుడూ అమ్మాయిల అలమారాలు తనిఖీ చేసే అలవాటుంది. ఆవిడకి నా మాత్రల అట్ట దొరికింది. ఆవిడ నన్ను పిలిచి అడగలేదు. మా ఊళ్ళో ఎస్టీడీ బూత్‌కి ఫోను చేసి, వెంటనే వచ్చి పిల్లని తీసుకుపొమ్మని చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం నేను యూనివర్సిటీ నుంచి వచ్చేసరికి ఆవిడ గదిలో మావయ్య కూర్చుని ఉన్నాడు. అమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. కోత చేలో ఉండగా కబురు అందిందట. కట్టుకున్న చీరతోనే, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని వచ్చేసింది. బల్ల మీద నా మాత్రల అట్ట ఉంది.

వార్డెనమ్మ పెద్దగా ఏమీ అనలేదు. ఇది పరువుగల పిల్లలుండే చోటు, ఇలాంటివి ఇక్కడ కుదరవు, గది ఖాళీ చెయ్యాలి అంది. మావయ్య తల దించుకుని కూర్చున్నాడు. నేను డాక్టరు చీటీ చూపించాను. చీటీలు ఎవరైనా రాయించుకోవచ్చంది ఆవిడ. డాక్టరమ్మ ఫోను నంబరు చెప్పాను. ఆవిడ చెయ్యి ఫోను వైపు కదల్లేదు. అప్పుడు గోడకి ఆనించి ఉన్న చిన్న బోర్డు దగ్గరికి వెళ్ళి, మెస్సు మెనూ తుడిచేసి, నెత్తురూ, హార్మోనూ, మోసే ప్రొటీనూ, ట్రక్కూ, చేనూ అన్నీ గీసి చెప్పాను. నా జీవితంలో చెప్పిన మొదటి పాఠం అది. బాగా చెప్పాననే ఇప్పటికీ అనుకుంటాను. విన్నవాళ్ళకి వినే ఉద్దేశం లేకపోవడం నా తప్పు కాదు.

అంతా విని మావయ్య నిట్టూర్చాడు. "తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది నీ మాట" అన్నాడు. "గడ్డాన వెంట్రుకలకి ఎవరన్నా ఈ మాత్రలు మింగుతారంటే నన్ను నమ్మమంటావా? చదవేస్తే ఉన్న మతి పోయింది. పద, సామాను సర్దు."

ఆ గది నుంచి బయటికి నడిస్తే నా చదువు అక్కడితో అయిపోతుందని నాకు తెలుసు. ఊళ్ళో ఎస్టీడీ బూత్ దాటి ఈ వార్త ఎంత దూరం పోయిందో కూడా తెలుసు. "సర్దను" అన్నాను. "మావయ్యా, నువ్వు నన్ను కొత్తపేట తీసుకెళ్ళిన రోజు కాగితాన్ని నమ్మావు, నన్ను నమ్మలేదు. ఇప్పుడు కాగితం నా వైపుంటే కాగితాన్ని కూడా నమ్మవు. ఇంక నేనేం తెచ్చి చూపించాలి?"

అంతవరకు మాట్లాడని అమ్మ అప్పుడు నోరు విప్పింది. మావయ్యని గానీ వార్డెనమ్మని గానీ చూడకుండా నన్నే అడిగింది.

"ఇది నువ్వు చేసినదాని వల్ల వచ్చింది కాదంటావా?"

"కాదమ్మా."

"వేడి వల్ల కూడా కాదా?"

"కాదు. అమ్మమ్మ చేతులు గుర్తున్నాయా? కడుక్కుంది. పోయిందనుకుంది. చూస్తే ఏమీ లేదు. కానీ ఉంది కదా. నాకు తెలిసింది కదా. ఇదీ అంతే."

అమ్మ కాసేపు నా గడ్డం వంక చూసింది. దొంగచూపు కాదు. తిన్నగా చూసింది.

"ఇయ్యి మింగటం ఆపితే ఏమయిద్ది?"

"మళ్ళీ మొదటికొచ్చుద్ది."

అమ్మ కొంగులోంచి చేతులు తీసింది. బల్ల మీద ఉన్న అట్టని తీసుకుని బయటికి నడిచింది. మావయ్య అక్కా అక్కా అంటూ వెనక వచ్చాడు. నేనూ వెళ్ళాను. వార్డెనమ్మ వరండాలో ఆగిపోయింది.

హాస్టలు ఎదురుగానే రోడ్డుకి అవతల మందుల షాపు. కాలేజీలు వదిలే వేళ. షాపు ముందు పది పదిహేనుమంది ఉన్నారు, మా హాస్టలు పిల్లలు, సైకిళ్ళ మీద కుర్రాళ్ళు, ఎవరో పెద్దమనిషి. అమ్మ వాళ్ళని దాటుకుని ముందుకెళ్ళి, అట్టని గాజుబల్ల మీద పెట్టి, ఇట్లాంటియ్యే ఇంకో అట్ట ఇయ్యి నాయనా అంది. అమ్మ గొంతు ఒక చేను గట్టు నుంచి ఇంకో చేను గట్టుకి పిలిచే గొంతు. తగ్గించడం దానికి తెలియదు. షాపతను అట్ట చూసి, అటూ ఇటూ చూసి, చెయ్యి బల్ల కిందికి పోనిచ్చి మాత్రలు తీశాడు. పాత పేపరు ముక్క చింపి, గుట్టుగా పొట్లం కట్టడం మొదలుపెట్టాడు. అక్కడ ఆ మాత్రలు ఎవరడిగినా అలాగే ఇస్తారు.

"పొట్లమెందుకు?" అంది అమ్మ.

అతను అలవాటేనమ్మా అని గొణిగాడు.

"జొరం మాత్రలు పొట్లం కట్టి ఇస్తున్నావా? ఇయ్యీ అంతే. మా అమ్మాయికి గడ్డాన ఎంట్రుకలొస్తయ్యి, దానికి డాక్టరమ్మ రాసింది. ఇంకా పెళ్ళి కాలా. అదుగో ఆ పిల్లే." వేలు పెట్టి నన్ను చూపించింది. "విప్పి ఇయ్యి."

కుర్రాళ్ళలో ఒకడు నవ్వబోయి, అమ్మ వాడి వైపు తిరిగేసరికి సైకిలు గంట వంక చూసుకున్నాడు. షాపతను పేపరు విప్పాడు. అమ్మ ఆ అట్టని అరచేతిలో పెట్టుకుని, కొంగు కిందికి కూడా పోనివ్వకుండా, హారతి పళ్ళెం పట్టుకున్నట్టు అందరి ఎదుటా రోడ్డు దాటింది. వార్డెనమ్మ బల్ల మీద పెట్టి, ఇయ్యి నేను కొన్నయ్యి, తప్పయితే నన్ను పంపించండి హాస్టలు నుంచి అంది. వార్డెనమ్మ మావయ్య వంక చూసింది. మావయ్య అప్పటికి నా ట్రక్కు బొమ్మ వంక చూస్తున్నాడు. కాసేపటికి ఆవిడ మెస్సు మెనూ మళ్ళీ ఎవరు రాస్తారని విసుక్కుంది. నేను రాస్తానన్నాను. గది ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మావయ్య ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు కూడా ఆ సంగతి తేలేదు. నేను చదువు పూర్తి చేశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. కొన్నేళ్ళకి మాత్రలు మానేశాను, అది నా ఇష్టం. ట్రక్కు మళ్ళీ చిన్నదైంది, గడ్డం కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. వారానికోసారి తీసుకుంటాను, బద్ధకమేస్తే తీసుకోను. మోసే ప్రొటీన్ల పాఠం వచ్చినప్పుడు ముందు బెంచీ పిల్లలు నా గడ్డం చూస్తారు. చూడమనే చెబుతాను. దానికన్నా మంచి చార్టు మా కాలేజీలో లేదు.

మందుల షాపు గొడవ జరిగిన ఆ సాయంత్రం అమ్మని బస్టాండులో దింపడానికి వెళ్ళాను. మావయ్య ముందే వెళ్ళి చిలకలూరిపేట బస్సులో సీటు పట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం నిండా జనం. ఇన్నేళ్ళ అలవాటు కదా, నా చెయ్యి దానంతటది లేచి చున్నీని గడ్డం మీదికి లాగింది. అమ్మ చూసింది. దగ్గరికొచ్చి, మెడ చుట్టూ తిప్పి ఉన్న చున్నీని విప్పి, గడ్డం కిందనుంచి తీసేసి, రెండు భుజాల మీదా సర్దింది. సర్దేటప్పుడు అమ్మ వేళ్ళు నా చుబుకానికి తగిలాయి. కోత చేలోంచి ఉన్నపళంగా వచ్చిన చేతులు, నూనె రాసుకునే తీరిక లేక వట్టి నీళ్ళతో కడుక్కున్న చేతులు. తగిలిన చోట సన్నగా మొదలైంది.

"మండుతుందా?" అంది అమ్మ, చేతులు వెనక్కి తీసుకుంటూ.

"మండనీ" అన్నాను.

బస్సు కదిలింది. హాస్టలుకి నడిచే వెళ్ళాను. దారి పొడుగునా నా గడ్డం మండుతూనే ఉంది, నేను కడుక్కోలేదు.